లేబర్ టేబుల్ ఎత్తు ఎవరు చెప్పాలి?

(నర్సుల దినోత్సవం సందర్భంగా నర్సింగ్ విద్యార్థులు, ప్రభుత్వ ఆసుపత్రుల నర్సులు కలిసిన ఒక సభలో రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లు నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చారని చెప్పారు. మధ్యలో కునుకు పడితే నేనేమీ అనుకోను. 34 ఏళ్ల సర్వీసులో ఇలాంటి సభల్లో నేనూ చాలాసార్లు నిద్రపోయాను.

ముందు ఒక బల్ల కథ చెబుతాను. నేను పనిచేసిన ఆసుపత్రుల్లో ఒకదానికి, పేరెందుకులెండి, కొత్త లేబర్ టేబుళ్లు ఆరు వచ్చాయి. తళతళలాడే స్టీలు, మంచి రెగ్జిన్. చూసి సంబరపడ్డాం. తీరా వాడటం మొదలుపెట్టాక తెలిసింది, అవి మరీ ఎత్తు. ఎత్తు తగ్గించే మర లేదు. నిండు నెలలతో, నొప్పులు పడుతూ, ఐదడుగులు కూడా లేని అమ్మాయి ఆ టేబుల్ ఎక్కాలంటే ఇద్దరు ఆయాలు చెరో రెక్క పట్టుకుని లేపాలి. మా సంగతి కూడా అంతే. మునివేళ్ల మీద నిలబడి కాన్పు చేయాలి. నాలుగు రోజులు చూసి, ఆసుపత్రి వడ్రంగిని పిలిచి చెక్క మెట్లు చేయించాం. ఒక్కో టేబుల్‌కు రెండు. ఒకటి తల్లికి, ఒకటి మాకు.

కొన్నాళ్ల తర్వాత వేరే పని మీద ఆ కొనుగోలు ఫైలు నా చేతికి వచ్చింది. కమిటీలో ఏడు సంతకాలున్నాయి. అందరూ చదువుకున్నవాళ్లే, నిజాయితీపరులే. టెండరులో ఒక్క రూపాయి తేడా లేదు. కానీ ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా లేబర్ టేబుల్ పక్కన ఒక రాత్రంతా నిలబడినవాళ్లు కాదు. టేబుల్ ఎంత ఎత్తుండాలమ్మా అని లేబర్ రూములో ఎవరినీ అడగలేదు. మమ్మల్ని చిన్నచూపు చూసి అడగలేదని నేననుకోను. అడగాలన్న రూలు లేదు, అంతే.

ఇవాళ నాకిచ్చిన అంశం ‘నర్సింగ్, మిడ్‌వైఫరీ సిబ్బందికి ప్రభుత్వ నాయకత్వం’. మాట బరువుగా ఉంది గానీ, నా వరకు అది ఆ టేబుల్ ఎత్తు సంగతే. నాయకత్వం అనగానే మనం దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మ పెట్టి త్యాగం, సేవ అని మాట్లాడతాం. నేను ఫైలు గురించి మాట్లాడతాను. నర్సుల పనికి సంబంధించిన ఫైలు ఎవరి బల్ల మీద మొదలవుతుంది, మొదటి నోట్ ఎవరు రాస్తారు, ఎవరి సంతకం లేకపోతే అది ముందుకు కదలదు?

కాస్త వెనక్కి వెళదాం. మన ప్రాంతంలో ఇది కొత్త వృత్తి కాదు. మద్రాసులో మిడ్‌వైఫ్‌ల, అంటే చదువుకుని కాన్పులు చేసేవాళ్ల, శిక్షణ బడికి ప్రభుత్వం 1854లోనే అనుమతి ఇచ్చింది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. 1926లో మద్రాసు నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోవే కాబట్టి అది మన చట్టం కూడా. చట్టమైతే ఉంది, మనుషులు మాత్రం లేరు. 1946లో దేశంలో ఆరోగ్య సేవల మీద వేసిన భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మిడ్‌వైఫ్ తేలారు. డాక్టరు మాత్రం 6,300 మందికి ఒకరున్నారు. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. దేశంలో డాక్టర్లకన్నా నర్సులు తక్కువ, నర్సులకన్నా మిడ్‌వైఫ్‌లు తక్కువ. అంటే ఊళ్లలో కాన్పులన్నీ మంత్రసానుల చేతుల మీదే జరిగిపోతున్నాయి. మా నానమ్మ పదిమందిని కన్నది ఆ చేతుల్లోనే. అందులో ఆరుగురు బతికారు.

ఆ రోజుల్లో కొన్ని మంచి పనులు వెంటవెంటనే జరిగాయి. 1946లో ఢిల్లీలో నర్సింగ్ కళాశాల పెట్టారు. ఇప్పుడది రాజకుమారి అమృత్‌కౌర్ పేరు మీద ఉంది. స్వతంత్ర భారత తొలి ఆరోగ్య మంత్రి ఆమె. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. టి.కె. అడ్రన్‌వాలా అనే నర్సు కేంద్ర ప్రభుత్వానికి తొలి నర్సింగ్ సలహాదారు అయ్యారు. ఒక నర్సు ఢిల్లీలో, ఆరోగ్య శాఖలో కుర్చీ వేసుకుని కూర్చోవడం అప్పట్లో చిన్న విషయం కాదు.

అయితే ఆ పదవి పేరు చూడండి. ‘సలహాదారు’. పెళ్లిలో మేనత్తను అన్నీ అడుగుతారు, బీరువా తాళాలు మాత్రం ఇవ్వరు. సలహాదారు పదవి అలాంటిది. సలహా ఇస్తారు, వింటే వింటారు, లేకపోతే లేదు. బడ్జెట్ ఇంకొకరి దగ్గర, పోస్టులు మరొకరి దగ్గర, బదిలీలు ఇంకెక్కడో ఉంటాయి. రాష్ట్రాల్లో చాలాచోట్ల ఇప్పటికీ ఇదే నడుస్తోంది. బోధనాసుపత్రులు ఒక డైరెక్టరు కింద, జిల్లా ఆసుపత్రులు మరొకరి కింద, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఇంకొకరి కింద. మూడు చోట్లా పనిచేసేది మనమే. ముగ్గురికీ కలిపి నర్సుల తరఫున మాట్లాడే ఒక మనిషి కావాలని, ప్రత్యేక నర్సింగ్ డైరెక్టరేట్ పెట్టాలని మన సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. నేను సంఘంలో చేరిన కొత్తలో రాసిన వినతిపత్రంలో కూడా అదే మొదటి డిమాండు.

సరే, ఆ మనిషి లేకపోతే ఏమవుతుంది అంటారా? ఏఎన్ఎం కథ చెబుతాను. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అసలు పాఠం అదే.

ఏఎన్ఎం అంటే ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్. 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో ఈ కోర్సు మొదలైంది. రెండేళ్ల చదువు. ఊళ్లో ఉండి, గర్భిణిని చూసి, ఇంట్లో కాన్పు చేసి, బాలింతనూ బిడ్డనూ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలని పెట్టిన కోర్సు అది. 1972లో ఆరోగ్య శాఖ అదనపు కార్యదర్శి కర్తార్ సింగ్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మలేరియాకు ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు, టీకాలకు ఒకరు ఇలా వేర్వేరుగా తిరిగే బదులు, అన్నీ ఒకే మనిషి చేస్తే పోతుంది కదా అన్నది దాని సిఫారసు. కాగితం మీద చూస్తే చాలా తెలివైన ఆలోచన. ఏఎన్ఎం పేరు మారి బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్త అయింది. 1977లో కోర్సును 18 నెలలకు కుదించారు. పని పెరిగింది, చదువు తగ్గింది.

ఆ తర్వాత ఆమె చేతిలోకి ఏమేం వచ్చాయో మీలో ఏఎన్ఎంలుగా చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కుటుంబ నియంత్రణ టార్గెట్లు, టీకాల డబ్బా, మలేరియా స్లైడ్లు, కళ్లె డబ్బాలు, సర్వేలు. రిజిస్టర్లు లెక్కబెట్టే ఓపిక కూడా ఉండేది కాదు. ఇప్పుడు రిజిస్టర్లు పోయి యాపులు వచ్చాయి, రిజిస్టర్లు కూడా పోలేదు. 2005లో జననీ సురక్షా యోజన, అంటే ఆసుపత్రిలో కాన్పయితే డబ్బిచ్చే పథకం, వచ్చాక కాన్పులు ఆసుపత్రులకు చేరాయి. ఆ పథకం వల్ల ఎంతోమంది తల్లులు బతికారు, నేను కాదనను. కానీ మిడ్‌వైఫ్ అన్న మాట ఆమె పేరులో మిగిలింది, పని మాత్రం చేతుల్లోంచి జారిపోయింది. నాతో పనిచేసిన ఒక ఏఎన్ఎం అక్క రిటైరయ్యే రోజు చెప్పింది: “సిస్టర్, నా చివరి కాన్పు ఎప్పుడు చేశానో గుర్తు లేదు. చివరి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కేసు ఎప్పుడు తెచ్చానో తేదీతో సహా చెప్పగలను.”

ఇందులో ఎవరి కుట్రా లేదు. ప్రతి మార్పు వెనకా ఏదో ఒక మంచి కారణం ఉంది. లేనిదల్లా ఒక్కటే. ‘అయ్యా, అన్నీ ఈమే చేస్తే మరి పురుడు ఎవరు పోస్తారు?’ అని ఆ ఫైలు మీద రాసే అధికారం ఉన్న మిడ్‌వైఫ్.

దాని ఫలితం ఒక తరం తర్వాత మన ముందుకొచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్కలు. దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే చూస్తే 80 దాటింది. కరీంనగర్ జిల్లాలో అన్ని ఆసుపత్రులూ కలిపి చూసినా 80 దాటింది. జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయన్న ఆధారం కనబడటం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. తెలంగాణలో మనం దానికి ఆరు రెట్లు చేస్తున్నాం.

తెలంగాణలో తల్లులు ఎక్కువగా చనిపోతున్నందువల్ల ఇన్ని ఆపరేషన్లు అవుతున్నాయా అంటే, కాదు. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే తెలంగాణలో 43, ఆంధ్రాలో 45. మనం బాగానే ఉన్నాం. సమస్య వేరు. ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్లు ఒకవైపు. నొప్పులంటే భయం ఇంకోవైపు. ‘మా అమ్మాయి తట్టుకోలేదు సార్, పెద్ద ఆపరేషన్ చేసెయ్యండి’ అని అమ్మమ్మే కాళ్లు పట్టుకుంటుంది. పన్నెండు గంటలు పక్కన కూర్చునే మనిషి లేనప్పుడు డాక్టరుకు కూడా నలభై నిమిషాల ఆపరేషన్ క్షేమం అనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మొదటి కాన్పు కోతయితే రెండోదీ దాదాపు అంతే. అలా లెక్క పెరుగుతూ పోతుంది.

ఈ కరీంనగర్‌లోనే 2017 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ తోడు నిలిచాయి. ఫెర్నాండెజ్ వాళ్లు అప్పటికి కొన్నేళ్లుగా తమ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లను తయారు చేసుకుంటున్నారు. బయటి దేశాల నుంచి మిడ్‌వైఫ్ టీచర్లను రప్పించారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న 30 మంది స్టాఫ్ నర్సులను ఎంపిక చేసి 18 నెలల శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ఇచ్చింది. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే కోర్సు, కాన్పులు ఎక్కువయ్యే ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లే నడిపే విభాగాలు అందులో ఉన్నాయి. ఈసారి మన దగ్గర ముందు పని మొదలైంది, ఢిల్లీ ఆ తర్వాత కదిలింది. చెప్పుకోవాల్సిన విషయమే.

అక్కడ శిక్షణ పొందిన అమ్మాయిలతో కూర్చుని మాట్లాడాను. నేను ముప్పై ఏళ్లు లేబర్ రూముల్లో ఉండి కూడా చేయని పనులు వాళ్లు చేస్తున్నారు. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేసినట్టు పెట్టరు. నడవమంటారు, పెద్ద బంతి మీద కూర్చోబెడతారు, కావాలంటే గొంతుక్కూర్చోనిస్తారు. మన ముత్తవ్వలు అలాగే కన్నారు కదా! నీళ్లు తాగనిస్తారు. వాళ్లమ్మనో అత్తనో పక్కన ఉండనిస్తారు. అవసరం లేకుండా కింద కోత పెట్టరు. బిడ్డ పుట్టగానే తల్లి గుండెల మీద వేస్తారు, బొడ్డుతాడు వెంటనే కోసెయ్యరు. అరవద్దు అని గద్దించరు. ఈ చివరి మాట నాకు గుచ్చుకుంది. మేం గద్దించేవాళ్లం. ‘అప్పుడు తెలియలేదా’ అనే మాట మన లేబర్ రూముల్లో వినబడుతుందా లేదా, మీరే చెప్పండి. (నవ్వులు) నవ్వకండి, సిగ్గుపడాలి. నేనూ పడుతున్నాను.

ఆ కార్యక్రమం ఎందుకు నిలబడిందంటే, అది ఒక మంచి డాక్టరమ్మ పట్టుదలతో మాత్రమే కాదు. ప్రభుత్వం తన సిబ్బందినే, జీతం ఇస్తూనే, ఏడాదిన్నర డ్యూటీ నుంచి తప్పించి చదివించింది. ఒక స్టాఫ్ నర్సును 18 నెలలు వార్డు నుంచి తీసెయ్యడం అంటే ఏమిటో రోస్టర్ వేసేవాళ్లకు తెలుసు. ఆ లోటును భరించమని పైనుంచి సంతకం పడింది. నేను ఇందాకటి నుంచి చెబుతున్న నాయకత్వం ఆ సంతకమే.

ఇక రెండో సగం ఉంది. శిక్షణ అయ్యాక ఆమె ఎక్కడికి పోతుంది? మన ఆసుపత్రుల్లో నర్సులను కొన్ని నెలలకోసారి వార్డు మార్చడం అలవాటు. నేర్చుకోవడానికి మంచిదే. కానీ కాన్పుల్లో చేయి తిరిగిన మనిషిని ఎముకల వార్డుకు పంపితే ఆమెకూ నష్టం, అక్కడి తల్లులకూ నష్టం. ఇక్కడ నేను ఎవరినో వేలెత్తి చూపను, నా కథే చెబుతాను. 2021 వేసవి, కోవిడ్ రెండో అల. సగంమంది సిస్టర్లకు జ్వరాలు. నా దగ్గర లేబర్ రూములో చాలా బాగా పనిచేసే అమ్మాయి ఉండేది. ఆమెను తీసుకెళ్లి ఐసీయూలో వేశాను. ఆమె ఏమీ అనలేదు, వెళ్లింది. నెల తిరగ్గానే వెనక్కి తెస్తానన్నాను. తేలేకపోయాను, నెలలు గడిచాయి. ఆ వేసవిలో మా దగ్గర సిజేరియన్లు పెరిగాయి. ఆమె ఒక్కతే లేకపోవడం వల్ల అని నేననను, కానీ ఆ గదిలో రాత్రంతా తల్లి పక్కన కూర్చునే మనిషిని తీసేసింది నేనే.

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. నర్సు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన అన్నీ చక్కబడవు. నేను నర్సునే, సూపరింటెండెంట్‌నే, ఆ విషయం తెలిసినదాన్నే. కానీ నా చేతిలో ఉన్నది ఉన్న మనుషులను అటూఇటూ సర్దడం మాత్రమే. ఎంతమంది ఉండాలో నిర్ణయించే ఫైలు నా బల్ల మీద లేదు. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, పైన సెలవులకు 30 శాతం రిజర్వు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. వెనక వరుసలోవాళ్లు రాత్రి ఒక్కొక్కరు ఎంతమందిని చూసి వచ్చారో నేనడగను. అడిగితే ఎవరైనా ఏడుస్తారు.

కొన్ని మార్పులు వచ్చాయి, అది కూడా చెప్పాలి. కేంద్రంలో, తర్వాత 2023లో తెలంగాణలో స్టాఫ్ నర్సు పేరు నర్సింగ్ ఆఫీసర్ అయింది. కొంతమంది పేరు మారితే జీతం మారుతుందా అని ఎగతాళి చేశారు. నేను చేయను. మా ఊళ్లో నన్ను చివరిదాకా ‘నర్సమ్మ’ అనే పిలిచారు, అది ప్రేమ. కానీ ఆఫీసు కాగితంలో ఆఫీసర్ అని ఉండటం వేరు. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ఒకేరోజు 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అని బతికిన మనకు ఆ అంకె విలువ తెలుసు. ఆ జాబితాలో మా వీధి అమ్మాయి కూడా ఉంది, వాళ్లమ్మ ఊరంతా స్వీట్లు పంచింది.

ప్రైవేటులో ఉన్నవాళ్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 పడకల లోపువాటిలో కూడా నెలకు కనీసం 20,000 రూపాయల జీతం ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. అమలు రాష్ట్రాల చేతికి వదిలారు. మీ క్లాస్‌మేట్లను అడగండి, ఎంత వస్తోందో.

2023లో పెద్ద చట్టం ఒకటి వచ్చింది. జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో తెచ్చారు. ఇందులో నాకు నచ్చినవి రెండు. మిడ్‌వైఫరీ అన్న మాటను చట్టం పేరులోనే పెట్టారు. ఏఎన్ఎం కథ విన్నాక ఆ మాట విలువ మీకు తెలుస్తుంది. రెండోది, కమిషన్ అధ్యక్షులు నర్సింగ్, మిడ్‌వైఫరీలో పీజీ చేసి, కనీసం 20 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే కావాలి. రాష్ట్రాల్లో కూడా కమిషన్లు పెట్టాలి. అయితే గుర్తుంచుకోండి, ఇది చదువుకు, రిజిస్ట్రేషన్‌కు, కాలేజీల నాణ్యతకు సంబంధించిన కమిషన్. ఆసుపత్రిలో పోస్టులు, జీతాలు, బదిలీలు, లేబర్ టేబుళ్లు దాని చేతిలో ఉండవు. వాటికి సచివాలయంలో మనిషి కావాలి.

అలాంటి మనిషి ప్రపంచంలో ఉందా అంటే, ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక కోసం అడిగితే జవాబిచ్చిన 115 దేశాల్లో 82 దేశాలు, అంటే 71 శాతం, మా దగ్గర జాతీయ స్థాయిలో నర్సింగ్ నాయకత్వ పదవి ఉందన్నాయి. 2025 నివేదికకు అది 82 శాతం అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2017లో కుక్ దీవుల నర్సు, మిడ్‌వైఫ్ ఎలిజబెత్ ఇరోను తన ముఖ్య నర్సింగ్ అధికారిగా వేసుకుంది. ఆమె తర్వాత వచ్చిన అమేలియా టుయిపులోటు టోంగా దేశానికి ఆరోగ్య మంత్రిగా చేసిన నర్సు. మ్యాపులో వెతికితే గానీ దొరకని దేశాలు! అక్కడ నర్సులు మంత్రులవుతున్నారు. మన దగ్గర నర్సు ఆరోగ్య శాఖ మీటింగులోకి వెళితే టీ తెచ్చారేమో అనుకుంటారు. ఇది జోకు కాదు, నాకు జరిగింది.

పక్కనే ఉన్న శ్రీలంక నాకు ఇంకా ఇష్టం. 1926లో కళుతరలో ఆరోగ్య కేంద్రం పెట్టినప్పటి నుంచి వాళ్లు పబ్లిక్ హెల్త్ మిడ్‌వైఫ్‌ను వదల్లేదు. ఇంత జనాభాకు ఒకరు, ఆమె ప్రాంతం ఆమెదే. పెళ్లయిన అమ్మాయి పేరు ఆమె పుస్తకంలో ఉంటుంది. వాళ్లకూ టీకాలు, కుటుంబ నియంత్రణ అన్నీ ఉన్నాయి. కాన్పులు వాళ్లకూ ఆసుపత్రులకు చేరాయి. కానీ ఆమె మిడ్‌వైఫ్‌గానే ఉంది. ఆమె మీద పర్యవేక్షించే మిడ్‌వైఫ్ ఉంది, ఆపైన పబ్లిక్ హెల్త్ నర్సింగ్ సిస్టర్ ఉంది. ప్రభుత్వాలు మారాయి, యుద్ధం జరిగింది, ఆ వరస తెగలేదు. తల్లుల మరణాలు దక్షిణాసియాలో అతి తక్కువ ఉన్న దేశాల్లో అదొకటి. కొలంబో మనకు ఢిల్లీకన్నా దగ్గర.

ఇంకొక సంగతి, లెక్కలు. దేశంలో రిజిస్టరైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షలు దాటారని చెబుతారు. అందులో నా పేరూ ఉంది. నేను రిటైరై మనవరాలికి అన్నం తినిపిస్తున్నాను. గల్ఫ్‌కు, లండన్‌కు వెళ్లినవాళ్ల పేర్లూ ఉండొచ్చు. పెళ్లయ్యాక మానేసినవాళ్లవీ ఉండొచ్చు. అందుకే ఇప్పుడు ఆధార్‌తో కలిపి కొత్త ట్రాకింగ్ రిజిస్టరు తెచ్చారు. చేయించుకోనివాళ్లు చేయించుకోండి, బద్ధకించకండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన అమ్మాయిలకు జర్మన్ నేర్పించి జర్మనీ పంపుతోంది. వెళ్లే అమ్మాయిని ఆపే హక్కు ఎవరికీ లేదు, ఇంటి అప్పు తీరాలి. కానీ ఒకే ప్రభుత్వంలో ఒక గది పంపడానికి భాష నేర్పిస్తుంది, ఇంకో గది ఖాళీల జాబితా తయారు చేస్తుంది. ఈ రెండు గదులకూ మధ్య తిరిగే ఒక నర్సు ఉంటే, ఎంతమందిని చదివించాలి, ఎంతమంది వెళతారు, ఎంతమంది మిగులుతారు అని కనీసం ఒక కాగితం మీద రాస్తుంది కదా.

ప్రపంచంలో ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లలో 70 శాతం ఆడవాళ్లు, పై పదవుల్లో 25 శాతమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రాసింది. ఈ మధ్య మన వృత్తిలోకి మగపిల్లలు బాగా వస్తున్నారు, సంతోషం. కానీ ఆ 25 కూడా మీరే పట్టుకుపోకండి బాబూ. (నవ్వులు)

టైమయిందంటున్నారు. రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

“మేడమ్, మిడ్‌వైఫ్‌లకు ఎక్కువ అధికారం ఇస్తే డాక్టర్లతో గొడవలు రావా?” వస్తాయి. మొదట్లో తప్పకుండా వస్తాయి. ఇబ్బంది లేని కాన్పు మిడ్‌వైఫ్ చూస్తుంది, ఇబ్బంది కనబడగానే డాక్టరును పిలుస్తుంది. ఎప్పుడు పిలవాలన్నది రాతపూర్వకంగా ఉండాలి, గోడ మీద ఉండాలి. ఆలస్యంగా పిలిస్తే ఎవరిది బాధ్యత అన్నది కూడా ముందే రాసి ఉండాలి. అది లేకుండా మిడ్‌వైఫ్‌ను గదిలోకి పంపితే, ఏదైనా జరిగినప్పుడు ఆమె ఒంటరిదైపోతుంది. బంధువులు కొట్టేది ముందు ఆమెనే. డాక్టర్లలో నాకు మంచి స్నేహితులున్నారు. పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గీతల్లో చూపే పటం, ఎనిమిది గంటలు సరిగ్గా వేసిన మిడ్‌వైఫ్ పిలిస్తే పరిగెత్తుకొచ్చే డాక్టర్లను చూశాను. నమ్మకం ఆ గీతల మీద పుడుతుంది.

ఇంకో ప్రశ్న... ఎవరమ్మా? “ఆ చెక్క మెట్లు ఇంకా ఉన్నాయా?” (నవ్వులు)

పోయిన నెల అటు వెళ్లినప్పుడు చూశాను. టేబుళ్లు మార్చారు, ఎత్తు తగ్గించుకునేవి వచ్చాయి. ఈసారి కొనేముందు లేబర్ రూము ఇన్‌చార్జి సిస్టర్‌ను స్టోర్సుకు పిలిచి ఎక్కి చూడమన్నారట. కమిటీలో ఆమె పేరు లేదు గానీ, పిలిచారు. మెట్లలో కొన్ని చెదలు పట్టి పోయాయి. రెండు మాత్రం రికార్డు రూములో ఉన్నాయి. పై అరలో ఫైళ్లు అందడానికి వాటి మీద నిలబడుతున్నారు.